చార్మినార్ సిగరెట్టు, మా బాబాయి కొబ్బరినూనె

మాది ఐనవిల్లి. కోనసీమలో అమలాపురానికి దగ్గర్లో ఉంటుంది. సిద్ధి వినాయకుడి గుడి ఉన్న ఊరంటే ఎక్కువమంది గుర్తుపడతారు. పరీక్షల ముందు స్వామి దగ్గర పూజ చేసిన పెన్నులు పిల్లలకి పంచుతారు. నేను ఇంటరు గట్టెక్కింది ఆ పెన్నుతోనే అని మా అమ్మ ఇప్పటికీ నమ్ముతుంది. మా ఊళ్ళో వినాయకుడి పేరు లేని కొట్టు కనబడాలంటే కాస్త వెతుక్కోవాలి. కిరాణా, ఫ్యాన్సీ, సిమెంటు, అన్నిటి మీదా ఆయనే. మా బాబాయి అమ్మే కొబ్బరినూనెకి కూడా ఆయన పేరే, సీసా మీద ఆయన బొమ్మే.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే బాబాయి నా చేతిలో ఓ కవరు పెట్టాడు. రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన లాయరు నోటీసు, నాలుగు పేజీలు. ఎక్కడో వేరే జిల్లాలో ఓ నూనె వ్యాపారి ఇదే దేవుడి పేరుని మూడో క్లాసులో రిజిస్టర్ చేయించుకున్నాడట. కాబట్టి బాబాయి పదిహేను రోజుల్లో ఆ పేరు వాడటం మానెయ్యాలి, ఉన్న లేబుళ్ళన్నీ నాశనం చెయ్యాలి, నష్టపరిహారం కట్టాలి.

"మూడో క్లాసేంట్రా, నేను పది పాసయ్యాను కదా" అన్నాడు బాబాయి. నవ్వుతూనే అన్నాడు గానీ మొహంలో నవ్వు లేదు. 1996 నవంబరు తుఫానుకి మా తాతయ్య చెట్లు చాలావరకు పడిపోతే, దింపు మీద బతకడం కుదరక, అంబాజీపేట నుంచి కొబ్బరి కొని నూనె ఆడించడం మొదలుపెట్టిన మనిషి ఆయన. అప్పటికి నేనింకా పుట్టలేదు. ఆ సీసా మీద పేరు పోతే ఆయనకి మిగిలేది మిషను ఒక్కటే.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి వెంటనే తెలివి ప్రదర్శించాను. మా ప్రోగ్రామింగులో నేమ్‌స్పేస్ అని ఒకటుంటుంది. ఒకే పేరు రెండు వేరు వేరు నేమ్‌స్పేసుల్లో ఉంటే ఒకదానితో ఒకటి గొడవపడవు. ట్రేడ్‌మార్కు క్లాసులూ అలాంటివే అనుకున్నాను. "బాబాయ్, మూడో క్లాసంటే తలనూనె. మనది వంటనూనె అనేద్దాం, అది ఇరవైతొమ్మిది. క్లాసు వేరు కాబట్టి కేసు లేదు" అన్నాను. తర్వాత మూడు వారాంతాలు కూర్చుని చదివితే తేలిందేమిటంటే, నేను చెప్పింది దాదాపు పూర్తిగా తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికే ఇదంతా.

అసలీ క్లాసులు ఎక్కణ్ణించి వచ్చాయి? ఇంగ్లండులో 1875లో ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రేషన్ చట్టం చేశారు. 1876 జనవరి 1న మొట్టమొదటి నంబరుతో నమోదైంది బాస్ అనే బీరు కంపెనీ వాళ్ళ ఎర్ర త్రికోణం. ఆ కంపెనీ మనిషి ముందురోజు రాత్రే వెళ్ళి ఆఫీసు గుమ్మం ముందు కాపు కాశాడని చెప్పుకుంటారు (సినిమా టిక్కెట్ల కోసం మనం కాసినట్టు!). అప్పట్లో సరుకులన్నిటినీ యాభై క్లాసులు చేశారు. అందులో పత్తి నూలుకి వేరే, పత్తి బట్టకి వేరే. ఎందుకంటే ఆ రోజుల్లో గుర్తుల కోసం కొట్టుకున్నది ఎక్కువగా బట్టల వ్యాపారులే. మాంచెస్టర్‌లో దీనికోసం విడిగా ఒక శాఖే ఉండేది.

ఆ మాంచెస్టర్ బట్టలు వచ్చింది మన దగ్గరికే. తానుల మీద రంగురంగుల లేబుళ్ళు అంటించి పంపేవాళ్ళు. వాటి మీద కృష్ణుడు, లక్ష్మీదేవి, వినాయకుడు, ఏనుగులు, నెమళ్ళు. చదువురాని మనిషి కూడా బొమ్మ చూసి "ఇదే కావాలి" అనాలని. మన దేవుడి బొమ్మని ఎవడి సొత్తో తేల్చుకోడానికి మాంచెస్టర్ గుమాస్తాలు ఫైళ్ళు తిరగేశారన్నమాట. బాబాయికొచ్చిన నోటీసులో కొత్తదేమీ లేదు, నూట యాభై ఏళ్ళ పాత తగువు మా ఊరికి ఇప్పుడొచ్చింది, అంతే.

మన దేశంలో 1940 దాకా రిజిస్ట్రేషన్ చట్టమే లేదు. 1889లో దొంగ గుర్తులు వేసేవాళ్ళని శిక్షించడానికి ఒక చట్టం ఉండేది గానీ, నా గుర్తు నాదని రాయించుకునే రిజిస్టరు లేదు. జనం ఏం చేసేవారంటే, ఈ గుర్తు మాది అని డిక్లరేషన్ రాసి మామూలు దస్తావేజుల్లాగా రిజిస్టర్ చేయించేవారు, పత్రికల్లో హెచ్చరిక ప్రకటనలు వేసేవారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టింది 1893లో. అంటే మన దేశంలో ట్రేడ్‌మార్కు రిజిస్టరు పుట్టడానికి నలభై ఏడేళ్ళ ముందు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచిపెట్టి ఆ పసుప్పచ్చ డబ్బాని జనం ముక్కుల్లో పాతుకుపోయేలా చేశాడాయన. చట్టం లేకపోయినా పేరు నిలబడింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరపడుతుంది.

అమృతాంజనం అన్న పేరు కూడా చూడండి. అమృతం తెలుసు, అంజనం తెలుసు. రెండూ కలిపితే తలనొప్పి మందని నేరుగా చెప్పదు, అలాగని పూర్తిగా సంబంధం లేకుండానూ పోదు. పేర్లని ఇలా బలాన్ని బట్టి వరస పెట్టడం 1976లో ఓ అమెరికా కోర్టు ఖాయం చేసింది. అన్నిటికన్నా అడుగున సరుకు పేరే: "కొబ్బరినూనె" అన్న మాటని ఎవడూ సొంతం చేసుకోలేడు. దానిపైన వర్ణన: "స్వచ్ఛమైన", "గానుగ" లాంటివి, ఇవీ కష్టమే. ఆ పైన అమృతాంజనంలా సూచించేవి. ఇంకా పైన సరుకుతో ఏ సంబంధమూ లేని మామూలు పదాలు, సిగరెట్టుకి చార్మినార్ అన్నట్టు. అన్నిటికన్నా పైన ఎవరికీ అర్థం లేని, కొత్తగా పుట్టించిన మాటలు. మన కోర్టులూ ఇంచుమించు ఈ మెట్ల మీదే నడుస్తాయి. మా బాబాయి పేరు ఏ మెట్టు మీద ఉందో చెప్పడం కష్టం. దేవుడి పేరుకీ నూనెకీ సంబంధం లేదు, కాబట్టి పైమెట్టు అనొచ్చు. కానీ అందరూ వాడేదే, కాబట్టి కిందమెట్టు కూడా అనొచ్చు!

గుర్తుల్లో జాతులు కూడా చాలానే ఉన్నాయి. మాట, బొమ్మ, లేబులు, రంగుల కలయిక, డబ్బా ఆకారం, ఆఖరికి శబ్దం. మన దేశంలో మొదట నమోదైన శబ్దం 2008లో, యాహూ వాళ్ళ గొంతు సాగదీసే కూత. 2017లో ముంబై తాజ్ హోటలు భవనం బొమ్మే రిజిస్టరైంది. 2025లో టైర్లకి గులాబీ వాసనని కూడా ప్రకటించడానికి ఒప్పుకున్నారు. ఇక ఆగ్‌మార్కు లాంటివి వేరే జాతి, అవి సరుకు ఎవరు చేశారో చెప్పవు, నాణ్యత ఫలానా అని చెబుతాయి.

సరే, క్లాసుల దగ్గరికి వద్దాం. 1935లో అంతర్జాతీయంగా సరుకులకి 34 క్లాసుల జాబితా ఒకటి తయారైంది. 1957లో ఫ్రాన్సులోని నీస్ పట్నంలో దాని మీద ఒప్పందం కుదిరింది. తర్వాత సేవల క్లాసులు కూడా కలిసి ఇప్పుడు మొత్తం 45: సరుకులకి 34, సేవలకి 11. మన దేశంలో 1999 చట్టం 2003 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చేదాకా సేవలకి రిజిస్ట్రేషనే లేదు. అంటే అప్పటిదాకా హోటలువాడు తన హోటలు పేరుని హోటలు పేరుగా నమోదు చేసుకోలేడు, పచ్చడి డబ్బా మీద పేరుగా అయితే చేసుకోవచ్చు. నీస్ ఒప్పందంలో మనం అధికారికంగా చేరింది మాత్రం 2019లో.

ఇప్పుడు కోనసీమవాడిగా ఓ సరదా లెక్క. కొబ్బరికాయని తీసుకుని ఈ జాబితాలో పెట్టి చూశాను. పచ్చికాయ 31. బొండాం నీళ్ళు సీసాలో పోసి అమ్మితే 32. ఎండు కొబ్బరి పొడి 29, వంటకి నూనె కూడా 29. అదే నూనె తలకైతే 3. లౌజు చేస్తే మిఠాయి కాబట్టి 30. పీచుతో తాడు పేనితే 22, గుమ్మం ముందు పట్టా నేస్తే 27. ఈనెల చీపురు 21. చిప్పలు కాల్చి బొగ్గు చేస్తే 4. ఒక్క చెట్టు, తొమ్మిది క్లాసులు. చిన్న వ్యాపారికి ఆన్‌లైన్లో క్లాసుకి నాలుగున్నర వేలు ఫీజు, అంటే ఒక చెట్టుకి 40,500 రూపాయలు. అదీ పదేళ్ళకే, తర్వాత మళ్ళీ కట్టాలి. వలుపు కూలి అడిగితే బేరమాడే మనకి ఇదెక్కడ కుదురుతుంది!

ఈ తలా కూరా గొడవ ట్రేడ్‌మార్కులకే పరిమితం కాదు. చిన్న ప్యాకెట్లలో అమ్మే కొబ్బరినూనె మీద తలనూనె పన్ను వెయ్యాలా, వంటనూనె పన్ను వెయ్యాలా అని ఏళ్ళ తరబడి నడిచింది. సుప్రీంకోర్టులో 2018లో ఇద్దరు జడ్జీలు చెరో మాటా చెప్పారు. 2024 డిసెంబరులో ముగ్గురు కూర్చుని, తలనూనె అని రాసి అమ్మితే తప్ప అది వంటనూనే అని తేల్చారు. అది పన్నుల లెక్క, ట్రేడ్‌మార్కుది కాదు. అయినా మా అమ్మ ఒకే సీసాలోంచి నా తలకీ, కూరకీ పోసిన సంగతి సుప్రీంకోర్టుకి కూడా అర్థమైందని సంతోషించాను.

నా నేమ్‌స్పేసు సిద్ధాంతాన్ని కూలగొట్టిన కేసు హైదరాబాదుది. వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ, 1930 నాటిది. వాళ్ళ చార్మినార్ సిగరెట్టు ఎంత పేరున్నదంటే సత్యజిత్ రాయ్ రాసిన డిటెక్టివ్ ఫెలూదా కాల్చేది అదే. వీళ్ళు చార్మినార్ పేరుని 34వ క్లాసులో "తయారైన పొగాకు" అని విశాలంగా రిజిస్టర్ చేయించుకున్నారు. కానీ అమ్మింది సిగరెట్లే. విష్ణుదాస్ ట్రేడింగ్ అనే ఇంకో సంస్థ జర్దా, కిమామ్‌లకి చార్మినార్ పేరు పెట్టుకుంది. ఇద్దరిదీ పొగాకే, ఇద్దరిదీ 34వ క్లాసే. నా లెక్కలో అయితే ఒకే నేమ్‌స్పేసు, ఒకే పేరు, కంపైలర్ ఎర్రర్ రావాలి.

1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సారం ఇది: విశాలమైన పద్దు కింద రాయించుకున్నంత మాత్రాన, నువ్వు చెయ్యని, చేసే ఉద్దేశమూ లేని సరుకులన్నిటి మీదా గుత్తాధిపత్యం ఇవ్వరు. చార్మినార్ సిగరెట్టు మీదే నీది. అంతే.

దీన్నే పట్టుకుని 2018లో ఇంకో తీర్పొచ్చింది, అది బెంగళూరులో మన వాళ్ళందరికీ తెలిసిన పేరు. నేను కూడా అక్కడ ఉద్యోగం చేసిన రెండేళ్ళూ ఆకలేస్తే వెళ్ళింది నందిని హోటలుకే, ఆంధ్రా భోజనం కోసం. పొద్దున్నే కాఫీకి కొన్నది నందిని పాల ప్యాకెట్టు. రెండూ ఒకరివే అనుకునేవాణ్ణి! పాలు కర్ణాటక పాల సమాఖ్యవి, 1985 నుంచి. హోటళ్ళు 1989 నుంచి, ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక హెచ్ ఎక్కువ. పాలవాళ్ళది ఆవు బొమ్మ, హోటలువాళ్ళది దీపం. హోటలువాళ్ళు 29, 30 క్లాసుల్లో దరఖాస్తు చేస్తే పాలవాళ్ళు అడ్డం పడ్డారు. ఒకే క్లాసు అయినంత మాత్రాన ఒకే రకం సరుకు అయిపోదనీ, క్లాసు మొత్తం ఒకడి జాగీరు కాదనీ సుప్రీంకోర్టు చెప్పింది. హోటలువాళ్ళు పాలు, పాల పదార్థాల జోలికి రామన్నారు. (నేను కన్ఫ్యూజ్ అయిన విషయం ఎవరూ కోర్టుకి చెప్పలేదు.)

దీనికి రెండో వైపు కూడా ఉంది, నోటీసు విషయంలో నన్ను భయపెట్టింది అదే. క్లాసు వేరైనంత మాత్రాన తప్పించుకున్నట్టు కాదు. 1990లలో ఢిల్లీలో ఒకాయన బెంజ్ పేరుతో లోపలి డ్రాయర్లు అమ్మాడు. కార్లకీ డ్రాయర్లకీ ఏ క్లాసూ కలవదు. అయినా ఢిల్లీ హైకోర్టు ఆపెయ్యమంది. అంత పేరున్న గుర్తు క్లాసు గోడలు దాటుకుని వస్తుంది. అంత పేరు లేకపోయినా, ఒకే కొట్టులో ఒకే అరలో ఒకే రకం కొనేవాళ్ళకి అమ్మే సరుకులైతే క్లాసు నంబరు తేడా కాపాడదు. నీస్ ఒప్పందంలోనే రాసుకున్నారు, రక్షణ ఎంతదాకా అన్నది ఈ క్లాసులకి కట్టుబడనక్కర్లేదని. అంటే క్లాసులు నేమ్‌స్పేసులు కావు. ఆఫీసులో కాగితాలు సర్దుకునే ఫోల్డర్లు. కాగితాన్ని ఏ ఫోల్డర్లో పెట్టారన్నదానికీ కాగితంలో ఏముందన్నదానికీ సంబంధం తక్కువ. తలకీ కూరకీ ఒకటే సీసా వాడే కోనసీమలో, మూడు వేరు ఇరవైతొమ్మిది వేరు అని నేను వాదిస్తే మా అమ్మే ఒప్పుకోదు, జడ్జి ఎందుకు ఒప్పుకుంటాడు?

మరి దేనిని చూస్తారు? కొనేవాడి బుర్రలో ఏముందో చూస్తారు. మద్రాసు ముక్కుపొడుం కేసు ఇందులో నాకు బాగా నచ్చింది. ఒకరిది శ్రీ అంబాళ్. ఇంకొకరు శ్రీ ఆండాళ్ బొమ్మతో పేరు రిజిస్టర్ చెయ్యమన్నారు. అంబాళ్ అంటే అమ్మవారు, ఆండాళ్ అంటే మన గోదాదేవి, హిందువులెవరూ పొరబడరు అని వాదించారు. 1969లో సుప్రీంకోర్టు కుదరదంది. ముక్కుపొడుం పీల్చేది దక్షిణాది హిందువులు మాత్రమే కాదు, క్రైస్తవులూ ముస్లిములూ పార్సీలూ కొంటారు, వాళ్ళకి ఈ తేడా ఎక్కడ తెలుస్తుంది, చెవికి రెండూ ఒకటే అంది. పండితుడి అర్థం పక్కనపెట్టి కొట్టు ముందు నిలబడ్డ మనిషి చెవిని చూసింది కోర్టు.

ఇక దేవుడి సంగతి. 2015లో అగరుబత్తుల మీద "రామాయణ్" పేరు కేసులో (అగరుబత్తులదీ మూడో క్లాసే, తలనూనెకి పక్కింటివాళ్ళు) పవిత్ర గ్రంథం పేరుని ఒక వ్యక్తి తన సొత్తనుకోడానికి లేదని సుప్రీంకోర్టు అంది. ఇరవైమందికి పైగా వ్యాపారులు అప్పటికే ఆ పేరు వాడుతున్నారని కూడా చూసింది. ఆ లెక్కన మా వినాయకుడికి మా ఊళ్ళోనే ఇరవైమంది తేలతారు. అయితే ఇది రెండంచుల కత్తి. ఆ పేరు వాళ్ళ సొత్తు కాదంటే, బాబాయి సొత్తు కూడా కాదు.

ఊరి పేరు మీద నిలబడేవి ఇంకో దారి. మా ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కాటన్ దొర పేరు పెట్టుకున్న తయారీదారుల సంఘం అడిగి తెచ్చుకుంది. అది ఏ ఒక్కరిదీ కాదు, అమ్ముకోడానికి లేదు, అక్కడ చేసేవాళ్ళందరిదీ. తిరుపతి లడ్డుకి 2009లో ఇదే గుర్తింపు వచ్చింది గానీ, చేసేది ఒక్క దేవస్థానమే కాబట్టి నా మట్టుకు నాకు అది వేషం మార్చుకున్న ట్రేడ్‌మార్కులాగే కనిపిస్తుంది. ఒప్పుకోనివాళ్ళు ఉంటారు.

బాబాయిని కాపాడగలిగేది ఇవేవీ కాదని చివరికి అర్థమైంది. 1999 చట్టంలో 34వ సెక్షను ఉంది (34వ క్లాసు కాదు, ఈ నంబర్లతో పిచ్చెక్కింది నాకు). రిజిస్టర్ చేయించుకున్నవాడు వాడటం మొదలుపెట్టిన రోజు, రిజిస్టరైన రోజు, ఈ రెంటిలో ఏది ముందో దానికన్నా ముందునుంచీ, ఆపకుండా నువ్వు వాడుతుంటే, నిన్ను ఆపడానికి వాడికి హక్కు లేదు. తిరునెల్వేలి ఇరుట్టుక్కడై హల్వా కేసులో 2015లో సుప్రీంకోర్టు కూడా, ముందు వాడినవాడి హక్కు రిజిస్టర్ చేయించుకున్నవాడి హక్కుకన్నా పైదేనని చెప్పింది. అమృతాంజనం నలభై ఏడేళ్ళు ఏ రిజిస్టరూ లేకుండా నిలబడింది కూడా ఇలాగే, వాడుక మీద. మాటవరసకి కాదు, కాగితం మీద చూపించాలి.

నోటీసులో అవతలివాళ్ళు రాసుకున్నది, మేం 2011 నుంచి వాడుతున్నాం అని. బాబాయి 1998లో మిషను పెట్టాడు. ఆదివారం ఇద్దరం అటకెక్కాం. చెదలు తిన్నది కొంత, వాన కారి ముద్దైనది కొంత. మధ్యాహ్నానికి ఒక రేకు పెట్టెలో ప్రింటింగ్ ప్రెస్సు బిల్లు దొరికింది: 1999, లేబుళ్ళు రెండు వేలు. దాంతోపాటు మిగిలిపోయిన లేబులు ఒకటి. చూసి ఎగిరి గంతేశాను. తర్వాత పరీక్షగా చూస్తే వినాయకుడి తొండం పక్కన సున్నాలో ఆర్ అని ఉంది. అది రిజిస్టరైనవాళ్ళే పెట్టుకోవాలి, కాకుండా పెడితే చట్టప్రకారం తప్పు. "ఇదెవరు పెట్టమన్నారు బాబాయ్?" అంటే, "ప్రెస్సువాడు పెట్టాడ్రా, పెద్ద కంపెనీ సీసాల మీద ఉంటుంది, అందంగా ఉంటుందన్నాడు" అన్నాడు. ఇప్పటి సీసాల మీద కూడా అలాగే ఉంది.

అమలాపురంలో లాయరుగారు బిల్లు చూసి తలూపారు. లేబులు చూసి నిట్టూర్చారు. ఆ ఆర్ ముందు తీసేయించమన్నారు, 1999 నుంచి 2011 దాకా మధ్యలో ప్రతి ఏడాదికీ ఏదో ఒక కాగితం కావాలన్నారు. ఇప్పటికి ఏడేళ్ళవి దొరికాయి. 2003వి, 2004వి అంబాజీపేటలో ఓ షావుకారు దగ్గర ఉండొచ్చని బాబాయి రోజూ బండేసుకుని వెళ్తున్నాడు.

నిన్న రాత్రి ఫోను చేశాడు. "ఒరే, మీ పిన్ని లౌజు బాగా చేస్తది కదా, డబ్బాల్లో పెట్టి అమ్ముదాం అంటంది. అదీ ఇదే క్లాసేనా?"

"కాదు బాబాయ్, ముప్ఫై" అన్నాను.

"ఆయ్, మరి దానికి ఈసారి పేరు నువ్వే పెట్టరా" అన్నాడు.